ట్వెల్వ్ స్ట్రింగ్ గిటార్ వాయించలేమా? ఎవరు చెప్పారండీ!

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఎప్పుడో ఒకప్పుడు గిటార్ కొననివాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొదటి జీతంతోనో, మొదటి బోనస్‌తోనో ఒకటి కొంటాం, ఆర్నెల్లు వాయిస్తాం, ఆ తర్వాత అది బీరువా పక్కన గోడకి ఆనుకుని దుమ్ము కొట్టుకుపోతుంది. వాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ ఆర్నెల్లూ దాటి నిజంగా వాయిస్తూ, 'హోటల్ కాలిఫోర్నియా' మొదట్లోనో, 'విష్ యూ వర్ హియర్' మొదట్లోనో వినిపించే ఆ గలగలకి పడిపోయి, పన్నెండు తీగల గిటార్ కొందామని బయల్దేరేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని గుమ్మంలోనే ఆపి భయపెట్టి పంపించే మహానుభావులున్నారే, వాళ్ళతోనే నా గొడవంతా.

వీళ్ళ దగ్గర ఎప్పుడూ అవే మాటలు. రెట్టింపు తీగలు కాబట్టి రెట్టింపు కష్టం. లక్ష పైన పెట్టగలిగితే కొను, లేకపోతే ఆ ఊసెత్తకు. ఇవన్నీ ఎందుకు బాబూ, ఒక కోరస్ పెడల్ పడేసుకుంటే పోలా! అసలు ఈ చెప్పేవాళ్ళలో సరిగ్గా సెటప్ చేసిన ట్వెల్వ్ స్ట్రింగ్ ఒక గంట వాయించినవాళ్ళు ఎంతమందో నాకైతే అనుమానమే.

ముందు ఆ 'రెట్టింపు' సంగతి చూద్దాం. మనం ఇంజనీర్లం కదా, లెక్కేసుకుందాం. లైట్ సెట్ బిగించిన మామూలు ఆరు తీగల గిటార్ మీద మొత్తం లాగుడు సుమారు 70-75 కిలోలు. పన్నెండు తీగలదాని మీద లైట్ సెట్‌కి అది 110 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఎక్కువే, కాదన్ను. కానీ రెట్టింపు ఎక్కడ? తీగలు రెట్టింపయినా ఒక్కో తీగా సన్నబడుతుంది కాబట్టి ఒక్కో వేలి మీద పడే భారం వీళ్ళు చెప్పినంత ఉండదు.

ఆ ఉన్న ఎక్కువని కూడా తగ్గించుకునే దారి ఇంటర్మీడియట్ ఫిజిక్సులోనే ఉంది. తీగ పొడవు, బరువు మారకపోతే పౌనఃపున్యం టెన్షన్ వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఎంసెట్ కోసం బట్టీ పట్టాం, గుర్తుందా? రెండు సెమిటోన్లు కిందకి దించితే, అంటే 'ఈ' బదులు 'డీ'కి ట్యూన్ చేస్తే, టెన్షన్ అయిదో వంతు పోతుంది. 110 కాస్తా 87-88కి వస్తుంది. పాటకి అసలు శృతి కావాలంటే రెండో ఫ్రెట్ మీద కేపో పెట్టుకోండి, అంతే. ఎవరూ ఏమీ అనుకోరు.

"అది చీటింగ్, స్టాండర్డ్ ట్యూనింగ్‌లో వాయిస్తేనే మగాడు" అనే బాపతు ఒకటి ఉంటుంది. అయ్యా, ఈ వాద్యానికి పేరు తెచ్చినవాళ్ళే 'ఈ'కి కట్టుబడి కూర్చోలేదు. 1949లో చనిపోయిన లెడ్ బెల్లీ తన స్టెల్లా గిటార్‌ని నాలుగైదు సెమిటోన్లు కిందకి దించి వాయించేవాడు. బండి ఇంజన్‌లా మోగేది. 1969లో '6- అండ్ 12-స్ట్రింగ్ గిటార్' ఆల్బంతో జనాల నోళ్ళు మూయించిన లియో కోట్కే 'సీ షార్ప్' దగ్గర ఉంచుతాడు. టేలర్ వాళ్ళు అతని పేరు మీద చేసిన మోడల్ కూడా ఆ కింది శృతిని దృష్టిలో పెట్టుకుని చేసిందే. వాళ్ళకి లేని పట్టింపు మనకెందుకు?

ఇకపోతే సెటప్. అసలు రోగం ఇక్కడుంది.

మా టీమ్‌లో ఒకతను ఒక షాపులో ట్వెల్వ్ స్ట్రింగ్ కొన్నాడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల కింద పెన్సిల్ దూరుతుంది. అదేంటని అడిగితే షాపతను "ట్వెల్వ్ స్ట్రింగ్ అంటే అంతే సార్, వాయిస్తూ ఉంటే అలవాటైపోతుంది" అన్నాడట. అలవాటు కాలేదు. మూడు నెలల్లో సగం ధరకి అమ్మేసి, "నా వేళ్ళకి అది పడదు రా" అని తేల్చేశాడు. పడనిది వేళ్ళకి కాదు! బరువైన తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, సన్నవాటి దగ్గర రెండు ఉంటే హాయిగా వాయించొచ్చు. ఒక మంచి రిపేర్ మనిషి శాడిల్ అరగదీసి, ట్రస్ రాడ్ సరిచేసి, నట్ గాళ్ళు లోతు చూస్తే అయిపోయే పని. నట్ దగ్గర తీగలు ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్‌లో 'ఎఫ్' బార్ పట్టడం నరకం. జతలో సన్న తీగ గాడి మరీ లోతైతే ఇంకో బాధ, వేలు లావు తీగ మీదే ఆగిపోయి సన్నది మూగబోతుంది. ఈ రెండూ ఎంత ఖరీదైన గిటార్‌కైనా ఉండొచ్చు, ఎంత చవకదానికైనా సరిచేయొచ్చు. బిల్డ్ కాన్ఫిగరేషన్ తప్పుంటే లాంగ్వేజీని తిట్టే ఫ్రెషర్‌కీ, సెటప్ చేయించకుండా వాద్యాన్ని తిట్టేవాడికీ పెద్ద తేడా ఏముంది?

పోలికలు పెట్టేటప్పుడు కూడా మనవాళ్ళు బ్రాండూ ధరా చూస్తారు తప్ప, చేతికి తగిలే కొలత చూడరు. నట్ వెడల్పు చూడండి బాబూ! మామూలు గిటార్ 43-44 మిల్లీమీటర్లు ఉంటుంది. యమహా ఎఫ్‌జీ820-12 నట్ 46. టేలర్ 150ఈ దాదాపు 47.6. సీగల్ ఎస్12 సుమారు 48. రెండు మిల్లీమీటర్లకే ఇంత రాద్ధాంతమా అనకండి, ఆ రెండింటిని ఆరు జతలు పంచుకోవాలి. సన్నటి వేళ్ళవాళ్ళకి యమహా మెడ చేతిలో చక్కగా ఇమిడిపోతుంది, ఆరు తీగల నుంచి వచ్చినవాళ్ళకి పెద్ద తేడా తెలీదు. నాలాంటి బెండకాయ వేళ్ళవాళ్ళకి ఓపెన్ 'డీ' పట్టుకుంటే పక్క జత తగులుతూనే ఉంటుంది, సీగల్ అయితే ఊపిరాడుతుంది. టేలర్ మధ్యలో, మెడ నునుపు మాత్రం వేరే లెవెల్. మూడింటికీ పై పలక ఒకే ముక్క చెక్కే, ప్లైవుడ్ కాదు. సీగల్‌ది సీడార్ కాబట్టి మెత్తగా తొందరగా పలుకుతుంది, గట్టిగా బాదితే ముద్దవుతుంది. మిగతా రెండూ స్ప్రూస్, ఎంత బాదినా తట్టుకుంటాయి. వీటిలో ఏదీ మన మహానుభావుల లక్ష హద్దు దాటితేనే వాయించబుల్ అయ్యే రకం కాదు.

సౌండ్ దగ్గరికొస్తే మళ్ళీ పురాణాలు మొదలు. రోజ్‌వుడ్ అయితేనే ట్వెల్వ్ స్ట్రింగట. ఎందుకండీ? కింది నాలుగు జతల్లో లావు తీగ పక్కన ఒక స్థాయి పైన పలికే సన్న తీగ ఉంటుంది. మూడో జతలోని సన్న 'జీ' 392 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, అందరూ అన్నిటికంటే పై తీగ అనుకునే 'ఈ' ఏమో 330 దగ్గరే ఆగిపోతుంది. అంటే పై స్వరాల జల్లు తీగల్లోనే ఉంది. దానికి రోజ్‌వుడ్ ఇంకో దోసెడు కలిపితే ఒక్కో తీగా మీటేటప్పుడు బాగుంటుంది గానీ, స్ట్రమ్ చేసేటప్పుడు అంతా కలగాపులగం. నా మటుకు నాకు మేపుల్, మహాగనీ లాంటివే నయం, స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. గిల్డ్ ఎఫ్-412 మేపుల్, ఎఫ్-512 రోజ్‌వుడ్, రెండూ జంబోలే కాబట్టి చెక్కల పోలికంటే అందరూ వీటినే చూపిస్తారు. అక్కడా ఒక తిరకాసుంది, 412 వెనక పలక కమాను తిరిగి ఉంటుంది, 512ది చదును. మరి విన్న తేడా చెక్కదా, ఆకారానిదా? దానికి తోడు ఒకదానికి కొత్త తీగలు, ఇంకోదానికి ఏడాది నాటి తీగలు ఉంటే ఇక ఆ పోలికకి అర్థమే లేదు. రెండు వేరియబుల్స్ ఒకేసారి మార్చి టెస్ట్ చేస్తే ఆఫీసులో ఊరుకుంటామా?

ఈ వాద్యానికి చేతకానివి లేవని నేననడం లేదు. తీగ లాగి గమకం పలికించాలంటే జంట తీగలు మొండికేస్తాయి. రెండూ ఒకేలా సాగవు, శృతి చెడుతుంది. మన పాలకొల్లు నుంచి వెళ్ళి ప్రపంచాన్ని ఊపేసిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ని పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నది కర్ణాటక సంగీతానికి ఆ గమకాలు కావాలి కాబట్టే. సోలోలు, బెండ్లు కావాలంటే నిక్షేపంగా ఆరు తీగలది ఉంచుకోండి. ఏ పనికి ఏ పనిముట్టో తెలుసుకోవడం వేరు, వాయించడం అసాధ్యం అని ప్రచారం చెయ్యడం వేరు.

చివరగా ఆ కోరస్ పెడల్. అది చేసేదల్లా మీ శబ్దానికి ఒక నకలు తీసి, కాస్త ఆలస్యం చేసి, శృతిని ఒక లెక్క ప్రకారం అటూ ఇటూ ఊపడమే. అన్ని తీగలకీ కలిపి ఒకటే ఊపు. నిజం వాద్యంలో ప్రతి జతకీ తన సొంత తేడా ఉంటుంది. 'బీ' జతలో రెండు తీగల మధ్య 5 సెంట్ల తేడా ఉంటే సెకనున్నరకి కాస్త తక్కువలో ఒక అల వస్తుంది, పక్క 'ఈ' జత అల వేరే వేగంలో వస్తుంది. పై స్థాయి తీగల్ని కోరస్ ఎలాగూ పుట్టించలేదు. ఆక్టేవ్ పెడల్ పుట్టిస్తుంది గానీ, అక్కర్లేని పై రెండు తీగలకీ పుట్టించేస్తుంది. మామూలు ట్వెల్వ్ స్ట్రింగ్‌లో కిందకి స్ట్రోక్ కొడితే జతలో ముందు సన్న తీగ మోగుతుంది, పైకి కొడితే ముందు లావుది. రికెన్‌బాకర్ వాళ్ళు ఆ వరసని తిరగేశారు కాబట్టే 1965లో బర్డ్స్ రోజర్ మెగ్విన్ 'మిస్టర్ టాంబరీన్ మాన్'లో వాయించిన ఎలక్ట్రిక్ ట్వెల్వ్ స్ట్రింగ్ పలుకు వేరేగా ఉంటుంది. కింద స్ట్రోక్‌కీ పై స్ట్రోక్‌కీ ఆ తేడా తెలిసిన పెడల్ ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి చూపించండి, నేనూ ఒకటి కొనుక్కుంటా.