దర్యాప్తు అధికారం ఎవరిది?

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం విధించారు. పదవిలో ఉన్న అధ్యక్షునికి అక్కడ నేరాభియోగాల నుండి రక్షణ ఉంది. తిరుగుబాటు, దేశద్రోహం మాత్రం మినహాయింపులు. కనుక దర్యాప్తు జరగవలసిందే. జరపవలసినది ఎవరు? పోలీసులు, ప్రాసిక్యూటర్లు, ఉన్నతాధికారుల అవినీతి దర్యాప్తు సంస్థ ఎవరికి వారే రంగంలోకి దిగారు. చివరకు అవినీతి దర్యాప్తు సంస్థ 2025 జనవరి 15న ఆయనను అదుపులోకి తీసుకుంది. తిరుగుబాటు నేరంపై దానికి అధికారమే లేదని ఆయన న్యాయవాదులు వాదించారు. నిర్బంధ గడువు లెక్కతో పాటు ఈ సందేహాన్ని కూడా ప్రస్తావిస్తూ సియోల్ న్యాయస్థానం మార్చి 7న నిర్బంధాన్ని రద్దు చేసింది. దస్త్రం శాఖల మధ్య తిరుగుతున్నంత కాలం లాభపడేది ఎవరో, కార్యాలయాలలో పనిచేసిన మాబోటివారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ అధికారం నేరం జరిగిన తరువాత వెదుక్కొనవలసినది కాదు. అధ్యక్షుడు తొలగించలేని సంస్థకు ముందే చట్టంలో స్పష్టంగా అప్పగించి ఉండాలి. మన రాజ్యాంగకర్తలు ఆ పని కొంత చేశారు. 61వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిపై రాజ్యాంగ ఉల్లంఘన ఆరోపణను పార్లమెంటులో ఒక సభ తెస్తే, దర్యాప్తు రెండవ సభది. గవర్నర్లకు అటువంటి ఏర్పాటు లేదు. 361వ అధికరణం ఇచ్చే క్రిమినల్ చర్యల రక్షణ మాత్రం వారికీ ఉంది.

దాని ఫలితం మనం చూశాం. బాబరీ మసీదు కూల్చివేత కేసులో కుట్ర అభియోగాలను 2017లో సుప్రీంకోర్టు పునరుద్ధరించినపుడు, కూల్చివేత నాటి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ రాజస్థాన్ గవర్నరు. పదవి వీడిన తరువాతనే ఆయనపై చర్య అన్నది ధర్మాసనం. 2019 సెప్టెంబరులో అభియోగాలు నమోదయ్యేసరికి మసీదు కూలి దాదాపు 27 ఏళ్లు. మరుసటి సంవత్సరం అందరితోపాటు ఆయనా నిర్దోషిగా బయటపడ్డారు.