మంచెక్కితే గుండె దడ!

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు. రాత్రి ఎనిమిది దాటింది. చేనుగట్టున ఉన్న మద్దిచెట్టు మీద మంచె. నిచ్చెన సగం ఎక్కిన కుర్రాడు అక్కడే ఆగిపోయాడు. పైనుంచి మేనమామ కేక...

'ఏందిరా అల్లుడూ, ఆగినవ్? కాళ్లు వణుకుతున్నయా?'

'లేదు మావా... చెట్టే ఊగుతాంది!'

'గాలే లేదు కదరా!'

ఇది ఏ ఒక్కరి కథో కాదు. ఖమ్మం జిల్లా ఏన్కూరు లాంటి అడవి అంచు ఊళ్లలో ఎవరింట్లోనైనా జరగగల ముచ్చటే. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంటుంది ఏన్కూరు. ఈ వైపు పల్లెల్లో అడవి ఎక్కడ అయిపోతుందో, చేను ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. చీకటి పడితే అడవిపందుల మంద దిగుతుంది. అవి తినేదానికన్నా తొక్కి పాడుచేసేదే ఎక్కువ. అందుకే రైతు మంచె ఎక్కుతాడు. కానీ, ఎక్కాలంటేనే గుండె దడదడలాడితే? ఊళ్లో నలుగురూ నవ్వుతారని ఆ సంగతి బయటికి చెప్పుకోలేకపోతే?

వేట ఆగింది... మంచె మిగిలింది

ఒకప్పుడు మంచె వేటగాడిది కూడా. చెట్టు మీద కూర్చుంటే రెండు లాభాలు. మనిషి వాసన జంతువుకు అంత సులువుగా అందదు. పైగా చాలా జంతువులు తలెత్తి చూసే అలవాటున్నవి కావు. హిమాలయాల్లోని రుద్రప్రయాగ ప్రాంతంలో ఏళ్ల తరబడి మనుషుల్ని తిన్న చిరుతను జిమ్ కార్బెట్ 1926లో కొట్టింది కూడా మామిడిచెట్టు మీద కట్టిన మంచె నుంచే. మన మన్యంలో కోయల విత్తనాల పండుగ, విజ్జ పండుములో వేట ఓ ఆచారం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. తుపాకులు, విల్లంబులు కిందికి దిగాయి. మంచె మాత్రం పంట కాపలాకు అలాగే నిలిచింది.

ఎక్కలేనివాడు ఏం చేస్తాడు? కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పరిచి ఇంటికెళ్లి పడుకుంటున్నారు. ఆ తీగకు పంది ఒక్కటే తగలదు. పొరుగు రైతు తగులుతాడు. మేతకొచ్చిన పశువు తగులుతుంది. ఒక్కోసారి వేసినవాడే తెల్లారేసరికి మరిచిపోయి కాలు పెడతాడు. తెలుగు పత్రికల్లో ఇలాంటి చావు కబుర్లు కొత్త కాదు. అందుకే మంచె భయాన్ని నవ్వి వదిలేయడానికి లేదు. మంచె మీద మెలకువగా ఉన్న మనిషి డప్పు కొట్టి, టార్చి వేసి, కేకేసి పందుల్ని తరుముతాడు. ఆ రాత్రి ఎవరి ప్రాణమూ పోదు.

భయం పిరికితనం కాదు

ఎత్తంటే భయం పుట్టుకతోనే కొంత ఉంటుందా? అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే తెలుసుకోవాలనుకున్నారు. బల్ల మీద దళసరి గాజుపలక పరిచారు. సగం దూరం గాజు కిందే గళ్ల గుడ్డ, మిగతా సగంలో ఆ గుడ్డ లోతుగా నేల మీద. అవతలి నుంచి తల్లి పిలుస్తుంటే పాకే పసివాళ్లలో ఎక్కువమంది లోతు కనిపించే వైపు రానే లేదు. 1960లో ఆ ప్రయోగ వివరాలు వెలువడ్డాయి. అంటే... లోతు చూసి వెనక్కి తగ్గడం మనల్ని కాపాడుకోవడానికి ఉన్న తెలివే.

మరి, 'చెట్టే ఊగుతాంది' అన్న కుర్రాడి మాటో? అదీ ఉత్త సాకు కాదు. మనిషి నిటారుగా నిలబడాలంటే మూడు సాయాలు కావాలి. కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ పంపే కబురు. నేల మీద ఉన్నప్పుడు దగ్గరున్న గోడనో చెట్టునో చూస్తూ కళ్లు మన ఊగిసలాటను సరిచేస్తుంటాయి. ఎత్తుకు వెళ్లాక చుట్టూ ఉన్నవన్నీ దూరమైపోతాయి. కంటికి ఆధారం దొరకదు. ఒళ్లు నిజంగానే కాస్త ఎక్కువ ఊగుతుంది. మెదడు కంగారుపడి గుండె వేగం పెంచుతుంది, కండరాలను బిగిస్తుంది. బిగుసుకున్న కాలు వణుకుతుంది. వణుకు చూసి భయం ఇంకాస్త పెరుగుతుంది. అదో గిరగిర తిరిగే చక్రం.

కవిగారి గోపురం... మన గుట్ట

ఈ చక్రాన్ని ఆపొచ్చని నిరూపించిన వాళ్లలో జర్మన్ మహాకవి గేథే ఒకరు. 1770లో స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకోవడానికి వెళ్లినప్పుడు ఆయనకు ఎత్తంటే కళ్లు తిరిగేవి. మందూ మాకూ వెతకలేదు. అక్కడి పెద్ద చర్చి గోపురం ఎక్కి, పైనున్న చిన్న చప్టా మీదకు వచ్చి నిలబడటం మొదలెట్టాడు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ! చివరికి ఆ భయం ఆయన్ని బాధించడం మానేసింది. సుమారు రెండు శతాబ్దాల తర్వాత, 1958లో జోసెఫ్ వోల్ప్ అనే మానసిక వైద్యుడు భయాన్ని మెట్లుమెట్లుగా తగ్గించే పద్ధతిని పుస్తకంగా రాశాడు. నేటికీ మానసిక వైద్యుల దగ్గర ఇలాంటి భయాలకు మొదటి మందు ఇలా కొంచెం కొంచెంగా అలవాటు చేయడమే.

అంత దూరం ఎందుకు? 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన ఇద్దరు పిల్లలు మనవాళ్లే. మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా. సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లాలోని చర్ల మండలం. తొలిసారి భువనగిరి గుట్టను చూసినప్పుడు భయపడ్డానని పూర్ణ తర్వాత చెప్పారు కూడా. ఆ పిల్లల్ని ఎవరూ నేరుగా ఎవరెస్ట్‌కి తీసుకెళ్లలేదు. ముందు భువనగిరి రాతిగుట్ట. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ. ఆపైన లడఖ్ చలి. ఆ తర్వాతే ఎవరెస్ట్! మెట్టు తర్వాత మెట్టు.

మూడో మెట్టు నుంచి...

మంచెకైనా లెక్క అదే. మొదటిరోజు పగటిపూట, పక్కన ఒకరుండగా నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే చాలు. అసలు కిటుకు ఎక్కడంలో లేదు, ఆగడంలో ఉంది. దడ మొదలవగానే దిగిపోతే 'దిగబట్టే బతికాను' అని మెదడు గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు భయం రెట్టింపవుతుంది. అదే మెట్టు మీద నెమ్మదిగా ఊపిరి తీసి, అంతకన్నా నెమ్మదిగా వదులుతూ దడ తగ్గేదాకా నిలబడితే మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. అప్పుడు దిగాలి. మర్నాడు ఇంకో రెండు మెట్లు. మంచె మీదకు చేరాక ముందు పగలు కాసేపు కూర్చోవాలి. రాత్రి కాపలా ఆ తర్వాతి మాట.

ఎక్కేటప్పుడు చూపు ఎక్కడ ఉండాలి? కిందా వద్దు, కదిలే మబ్బుల వైపూ వద్దు. కళ్లెదురుగా ఉన్న చెట్టు బెరడు మీద ఉండాలి. దగ్గరున్న, కదలని వస్తువు దొరికితే కంటికి ఆధారం దొరికినట్టే. తల గబుక్కున తిప్పకూడదు.

'ఒక గుక్క కల్లు తాగితే భయం పోతుంది' అనేవాళ్లు ఉంటారు. పోయేది భయం కాదు, పట్టు!

మోకు చెప్పే పాఠం

భయం తగ్గినా జాగ్రత్త తగ్గకూడదు. ఈ సంగతి గీత కార్మికులను చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి తాళ్లెక్కిన పెద్దమనిషైనా నడుముకు మోకు లేకుండా చెట్టు ముట్టడు. అయినా ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయని, పట్టు తప్పినా కిందపడకుండా ఆపే 'కాటమయ్య రక్ష' కిట్లను తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలెట్టింది. అమెరికాలో చెట్ల మీద కూర్చుని జింకల్ని వేటాడే వాళ్లకు నేర్పే మొదటి పాఠమూ ఇదే. పైకి చేరాక కాదు, నేల మీద పాదం లేచినప్పుడే తాడు ఉండాలి. ఎందుకంటే చాలామంది పడేది ఎక్కేటప్పుడో, దిగేటప్పుడో, నిచ్చెన నుంచి మంచె మీదకు అడుగు మార్చేటప్పుడో!

మరికొన్ని పాత బుద్ధులు. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి. టార్చి, గొడ్డలి, సద్ది చేత్తో పట్టుకుని ఎక్కొద్దు. పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. వాన వెలిశాక కర్రలకు చెద పట్టిందేమో, తాళ్లు కుళ్లాయేమో చూసుకోవాలి. కునుకు పట్టే అవకాశం ఉంటే నడుము తాడు విప్పనే వద్దు. నేల మీద నిలబడ్డా కళ్లు తిరుగుతున్నా, మూర్ఛలున్నా, రక్తపోటు మందులు వాడుతున్నా సంగతి వేరు. ముందు డాక్టరు, ఆ తర్వాతే నిచ్చెన.

ఇన్ని చేసినా ఎక్కలేకపోతే? తప్పేమీ లేదు. నేల మీద నెగడు వేసి, పక్క చేలవాళ్లతో వంతులేసుకుని కాపలా కాయొచ్చు. కరెంటు తీగ ఒక్కటి మాత్రం వద్దు.

మన మద్దిచెట్టు దగ్గరికి వద్దాం. వారం తిరిగేసరికి ఆ కుర్రాడు మంచె మీద కూర్చుని ఉన్నాడనుకోండి. నడుముకు తాడు, ఒళ్లో డప్పు. మేనమామ అడుగుతాడు...

'ఏరా అల్లుడూ, భయం పోయిందా?'

'యాడికి పోతది మావా! అదీ నాతోనే ఎక్కింది. నాతోపాటు దాన్నీ తాడేసి కట్టిన!'