హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంటుంది, ఫోన్ చేరదు
మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల గారికి బహిరంగ లేఖ



విండోస్ ల్యాప్‌టాప్‌లో మొబైల్ హాట్‌స్పాట్ మొరాయించడం రెండు రకాలు. అసలు ఆన్ కాకపోవడం మొదటిది. దానికి విండోస్ ఏదో ఒక కారణం తెర మీద చూపుతుంది. ఆన్ అయి, అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతూ, పక్కనున్న ఫోన్‌ను మాత్రం చేర్చుకోకపోవడం రెండోది. ఇక్కడ ల్యాప్‌టాప్ ఏమీ మాట్లాడదు. ఫోన్ 'కనెక్ట్ కాలేదు' అని ఊరుకుంటుంది. ఈ లేఖ ఆ రెండో రకం గురించి.

హాస్టల్ గదిలో గోడకు ఒకే ల్యాన్ పాయింట్ ఉంటే దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, గదిలోని ఫోన్లన్నిటికీ వైఫై పంచుకోవడం విద్యార్థులకు పాత అలవాటే. విండోస్ 7 రోజుల్లో ఇందుకు కమాండ్ ప్రాంప్ట్‌లో ఆదేశాలు టైప్ చేయాల్సి వచ్చేది. 2016 ఆగస్టు నాటి యానివర్సరీ అప్‌డేట్‌తో విండోస్ 10లో అది సెట్టింగ్స్‌లోని ఒక్క బటన్‌గా మారింది. అప్పటికి మీరు సీఈఓ అయి రెండేళ్లు దాటింది. బటన్ సులువైంది కానీ దాని వెనకాల జరిగే పని మాత్రం తగ్గలేదు. ఫోన్‌కు ముందు హాట్‌స్పాట్ పేరు కనబడాలి. తర్వాత పాస్‌వర్డ్ సరిపోవాలి. ఆపైన ల్యాప్‌టాప్ ఫోన్‌కు ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి. చివరగా ఇంటర్నెట్ అందాలి. ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

పేరే కనబడకపోతే చూడాల్సింది బ్యాండ్. హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే 2.4 మాత్రమే తెలిసిన పాత ఫోన్లకు, చాలా ప్రింటర్లకు, స్మార్ట్ బల్బులకు అది లేనట్టే. మొబైల్ హాట్‌స్పాట్ పేజీలో 'ఎడిట్' నొక్కి బ్యాండ్‌ను 2.4కు మారిస్తే సాధారణంగా పేరు కనబడుతుంది. అలా మార్చినా కనబడని సందర్భం ఒకటుంది. ల్యాప్‌టాప్ తానే ఒక రౌటర్ నుంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై తీసుకుంటూ, అదే కార్డుతో హాట్‌స్పాట్ కూడా నడుపుతుంటే, చాలా కార్డులు రెండు పనులనూ ఒకే ఛానల్ మీద చేస్తాయి. అప్పుడు ముందు రౌటర్‌తో కనెక్షన్‌నే 2.4కు మార్చుకోవాలి, లేదా ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించాలి. ఇంకో సంగతి: ఎవరూ చేరకుండా కొన్ని నిమిషాలు గడిస్తే పవర్ సేవింగ్ హాట్‌స్పాట్‌ను తనంతట తానే ఆపేస్తుంది. ఫోన్ తెచ్చేలోగా పేరు మాయమైందంటే కారణం అదే కావచ్చు. ఆ ఆప్షన్ అదే పేజీలో ఉంటుంది, ఆఫ్ చేస్తే సరి.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయేవాటిలో ఎక్కువ భాగం ఫోన్ జ్ఞాపకం తెచ్చే చిక్కులే. ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ మార్చి పేరు అలాగే ఉంచితే ఫోన్ పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నిస్తుంది. ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేసి, మళ్లీ మొదటి నుంచి చేరాలి. ఇంట్లో రౌటర్‌కు ఉన్న పేరే హాట్‌స్పాట్‌కూ పెట్టడం మరో పొరపాటు. రెంటిలో ఏది పలుకుతోందో ఫోన్‌కు తెలియదు.

అసలు చిక్కంతా మూడో మెట్టు దగ్గరే. పాస్‌వర్డ్ సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ తెర మీద 'ఐపీ అడ్రస్ తీసుకుంటోంది' అన్న మాట వచ్చి, కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ మొదటికి వస్తుంది. చాలామంది దీన్ని పాస్‌వర్డ్ తప్పుగానే భావించి గంటల తరబడి పాస్‌వర్డ్‌లు మారుస్తుంటారు. జరిగేది వేరు. హాట్‌స్పాట్ ఆన్ కాగానే విండోస్ ఒక వర్చువల్ అడాప్టర్‌ను సృష్టించి దానికి 192.168.137.1 అనే అడ్రస్ పెట్టుకుంటుంది. చేరే ప్రతి పరికరానికీ అదే వరసలో ఒక అడ్రస్ పంచుతుంది. ఈ పంపకాన్ని డీహెచ్‌సీపీ అంటారు. దాన్ని చూసుకునేది ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ సర్వీస్. ఫోన్ అడిగింది ల్యాప్‌టాప్‌కు అందకపోయినా, ల్యాప్‌టాప్ ఇచ్చింది ఫోన్‌కు చేరకపోయినా కథ అక్కడే ఆగిపోతుంది. ఐఫోన్‌లోనో, మరో విండోస్ కంప్యూటర్‌లోనో అడ్రస్ 169.254తో మొదలైతే అర్థం ఒకటే: ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు, పరికరం తనకు తానే ఒకటి పెట్టుకుంది.

ఇది తేల్చుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ ఐపీ సెట్టింగ్స్‌ను 'స్టాటిక్'కు మార్చి, అడ్రస్‌గా 192.168.137.50, గేట్‌వేగా 192.168.137.1, ప్రిఫిక్స్ లెంగ్త్‌గా 24, డీఎన్ఎస్‌గా 8.8.8.8 ఇవ్వాలి. ఇలా చేసి ఇంటర్నెట్ వస్తే వైఫై కార్డు, డ్రైవర్, పాస్‌వర్డ్ అన్నీ బాగున్నట్టు. అడ్రస్ పంపకం ఒక్కటే ఆగింది. దాన్ని ఆపింది తరచూ ల్యాప్‌టాప్‌లో విడిగా వేసిన యాంటీవైరస్ ఫైర్‌వాలే. హాట్‌స్పాట్ అడాప్టర్‌ను అది పరాయి నెట్‌వర్క్‌గా లెక్కేసి అడ్రస్ అభ్యర్థనలను లోపలికి రానివ్వదు. కాసేపు ఫైర్‌వాల్ ఆపి చూస్తే అనుమానం తీరుతుంది. అయితే దాన్ని అలాగే ఆపి ఉంచడం క్షేమం కాదు. అందులోనే ఈ నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా గుర్తించాలి.

ఫైర్‌వాల్ కాకపోతే చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. సర్వీసెస్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్‌ను ఎవరైనా 'డిజేబుల్డ్' చేసి ఉండవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో ఏదో అడాప్టర్‌కు ఎప్పుడో చేత్తో పెట్టిన షేరింగ్ అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. దాన్ని తీసేసి, హాట్‌స్పాట్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాలి. వీపీఎన్ నడుస్తుంటే ఒకసారి ఆపి చూడాలి. ఇంకో విండోస్ ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ నుంచే ఇంటర్నెట్ తీసుకుని మళ్లీ పంచాలని చూస్తే, రెండు చోట్లా అదే 192.168.137 వరస వచ్చి అడ్రస్‌లు ఢీకొంటాయి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే షేరింగ్‌ను పాలసీతోనే నిషేధించి ఉండవచ్చు. అది ఐటీ విభాగం తీయాల్సిన తాళం.

ఇక ఐపీ వచ్చినా ఇంటర్నెట్ రాకపోతే, ఏ కనెక్షన్‌ను పంచుతున్నారో చూడాలి. కేబుల్‌లో వస్తున్న ఇంటర్నెట్‌కు బదులు ఇంటర్నెట్ లేని వైఫైని ఎంచుకుని ఉండటం మామూలే. కొన్నిసార్లు తప్పు వాడేవారిది కానే కాదు. 2022 జూన్ 14న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, హాట్‌స్పాట్‌లో ఫోన్ చేరగానే ల్యాప్‌టాప్‌కే ఇంటర్నెట్ పోయే అవకాశం ఉందని మైక్రోసాఫ్ట్ స్వయంగా ప్రకటించింది. తర్వాతి వారాల్లో వచ్చిన అప్‌డేట్లతో సరిదిద్దింది. ఈలోగా ఎంతోమంది తమ ఫోన్లలోనే లోపం వెతుక్కుని ఉంటారు.

డ్రైవర్ విషయంలో పాత సలహా ఒకటి ఇప్పటికీ జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో డ్రైవర్ వివరాలు అడిగితే కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో 'హోస్టెడ్ నెట్‌వర్క్ సపోర్టెడ్: నో' అని వస్తుంది. అది చూసి కార్డు పనికిరాదని తేల్చేసి కొత్త యూఎస్‌బీ అడాప్టర్ కొన్నవారున్నారు. ఆ వరుస చెప్పేది విండోస్ 7 నాటి పద్ధతి గురించి. ఇప్పటి మొబైల్ హాట్‌స్పాట్ నడిచేది వైఫై డైరెక్ట్ మీద. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపమంటే 'మైక్రోసాఫ్ట్ వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్' కనబడుతుంది. అది డిజేబుల్ అయి ఉంటే ఎనేబుల్ చేయాలి. డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి తెచ్చి వేసుకోవడం మంచిది. అప్‌డేట్ తర్వాతే చెడిపోతే 'రోల్ బ్యాక్' చేయాలి.

నెట్‌వర్క్ రీసెట్ చివరి మార్గంగానే ఉండాలి. అది అడాప్టర్లన్నిటినీ తీసి మళ్లీ పెడుతుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ అమరికలు దానితోపాటే పోవచ్చు. పైగా బాగైతే ఎందుకు బాగైందో తెలియదు కాబట్టి అదే తప్పు మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ రీసెటే గతి అవుతుంది.

పైన చెప్పిన పరీక్షల్లో చాలావాటికి జవాబు విండోస్‌కు తెలిసినదే. బ్యాండ్ ఏదో దానికి తెలుసు. షేరింగ్ సర్వీస్ ఆగిందో లేదో తెలుసు. వైఫై సంఘటనలను ఈవెంట్ వ్యూయర్‌లో అది ఎప్పటికప్పుడు రాసుకుంటూనే ఉంటుంది. తెలిసినదాన్ని వాడేవారి కళ్ల ముందు పెట్టకపోవడం సాంకేతిక పరిమితి కాదు, రూపకల్పనలో లోటు. మొదటి రకానికి చెందినదైనా ఇంకొకటి కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్‌కు ఏ నెట్‌వర్క్ కనెక్షనూ లేకపోతే మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ కాదు. సిగ్నల్ లేని ఊరి బడిలో మాస్టారు తన ల్యాప్‌టాప్‌లోని పాఠాలను పిల్లల ట్యాబ్‌లకు పంపుకోవాలంటే అవసరమైనది ఇంటర్నెట్ కాదు, ఆ గదిలోపలి వైఫై ఒక్కటే.

కాబట్టి మైక్రోసాఫ్ట్‌ను కోరేది ఇది. మొబైల్ హాట్‌స్పాట్ పేజీలో, చేరబోయి చేరలేకపోయిన ప్రతి పరికరం పక్కనా అది ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యంలో రాయండి: పాస్‌వర్డ్ సరిపోలేదనో, అడ్రస్ అందలేదనో, ఫైర్‌వాల్ ఆపిందనో. విండోస్‌కు తెలుగు భాషా ప్యాక్ ఉంది కనుక ఆ వాక్యాన్ని తెలుగులోనూ, వాడుక మాటల్లోనే రాయించండి. ఇంటర్నెట్ లేకపోయినా హాట్‌స్పాట్ ఆన్ అయ్యేలా ఆ బటన్‌ను మార్చండి.