మూలబడిన ట్రాక్టరునకు దారి యేది?

పొలములో ట్రాక్టరు నడచుచున్నంత కాలము దానిని గూర్చి విచారించువారు పెక్కుమంది గలరు: అప్పిచ్చు బ్యాంకువారు, అమ్ము కంపెనీవారు, దుక్కికి పిలుచు ఇరుగుపొరుగు రైతులు, రాయితీల జాబితాలు వ్రాయు అధికారులు. అదియే ఒకనాడు నడిచేలలో గేరుపెట్టె విరిగియో, ఇంజను బిగిసిపోయియో కదలక నిలిచినప్పుడు దాని యజమాని ఒంటరివాడగుచున్నాడు. ఆగిన యంత్రమును వేరొక ట్రాక్టరు లాగు ట్రక్కుమీది కెక్కించి, కదలకుండ కట్టి, మరమ్మతు షెడ్డునకు క్షేమముగా చేర్చుట ఆ రైతు సొంత తంటాగానే నేటికిని లెక్కింపబడుచున్నది. ఇది ఒక్కని తంటా కాదనియు, రహదారిపై నడచు ప్రతివాని ప్రాణమునకు సంబంధించిన విషయమనియు, కావున దీనికి సమష్టి యేర్పాటు అవసరమనియు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పాఠకులకు విన్నవించుటయే నా యుద్దేశము.

కృష్ణాజిల్లా మెట్టసీమగా పేరొంది, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన యీ భూభాగము నల్లరేగడి నేలలకు, పత్తికి, మిరపకు ప్రసిద్ధము. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ వంటివారు పట్టుబట్టి సాధించిన నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది. ఎడమకాలువ యీ మెట్టకు సాగునీటి ఆశను కల్పించినది. దేశమున ట్రాక్టరు పరిశ్రమ వేళ్లూనినదియు ఇంచుమించుగా ఆ కాలముననే. 1959లో ఫరీదాబాదున ఐషర్, 1963లో మహీంద్రావారి ఇంటర్నేషనల్ బి-275, 1971లో పింజోరున చెకొస్లొవాకియా జెటార్ నమూనాపై హెచ్.ఎం.టి. తయారగుట మొదలైనవి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగమును మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము 2016లో నిర్ణయించినది. కాని కర్మాగారము మూతపడినంత మాత్రమున అది చేసిన బండ్లు పొలములలో ఆగిపోవు. విజయవాడ ఆటోనగరులో పాత విడిభాగములు వెదకి తెచ్చుకొని, మేస్త్రి చేతి చలువతో వాటిని నడుపుకొను చిన్నరైతులు మన గ్రామములలో నేటికిని గలరు. లక్షలు పోసి క్రొత్తది కొనలేని కుటుంబమునకు ఆ పాత బండియే దుక్కి, అదియే రవాణా, అదియే అద్దె రాబడి.

ఇట్టి ట్రాక్టరు ఆగినప్పుడు సాధారణముగా జరుగునదేమి? పొరుగువాని ట్రాక్టరు వచ్చును. ఒక మోకో, నైలాను తాడో తగిలింతురు. ఆగిన దానిపై ఒకరు కూర్చుండి స్టీరింగు పట్టుకొందురు. ప్రొద్దుగ్రుంకు వేళకు ఆ జత రోడ్డెక్కును. ఇంజను పనిచేయని ట్రాక్టరునకు దీపములు వెలుగునన్న నమ్మకము లేదు, పవరు స్టీరింగున్నచో అది మొండికేయును, అరిగిన బ్రేకులపై భరోసా లేదు. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి 2012 నాటికి నాలుగు వరుసలై వేగమునకు నెలవైనది. చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల దాటు బస్సులును, సిమెంటు లారీలును చీకటిలో మెల్లగా ప్రాకు రెండు ట్రాక్టర్లను, వాటి నడుమ కంటికానని త్రాటిని ఏ క్షణమున గుర్తింపగలవు? 2017 వరకు అమలులోనుండిన 1989 నాటి రహదారి నియమావళియే ఈ విషయమై స్పష్టముగా శాసించినది: లాగబడు బండికి, లాగు బండికి నడుమ 5 మీటర్లకు మించి యెడము ఉండరాదు, త్రాడు గాని గొలుసు గాని ఇతరులకు తేటగా కనబడవలెను, వెనుక బండిపై తెల్లని పలకమీద 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్లని అక్షరములతో ఇది లాగబడుచున్నదని వ్రాయవలెను, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. ఈ నిబంధనలను తెలిసి పాటించు లాగుడును మన దారులలో నేను చూచినది లేదు. 2020 జూన్‌లో వేదాద్రి నరసింహస్వామిని సేవించి మరలుచున్న యాత్రికుల ట్రాక్టరును లారీ ఢీకొనగా పదిమందికి పైగా మరణించిన ఘోరమును జగ్గయ్యపేట మరువలేదు. సవ్యముగా నడచు ట్రాక్టరునకే ఆ గతి పట్టగా, చచ్చిన ట్రాక్టరును త్రాటికి కట్టి యీడ్చువాని గతి యేమని చెప్పవలెను?

కావున లాగుటకంటె ఎక్కించి తీసికొనిపోవుట మేలు. అయితే ఎక్కించుట యందును అపాయము తక్కువ కాదు. 35 అశ్వశక్తి ట్రాక్టరు బరువు 18 క్వింటాళ్లకు అటునిటుగా నుండును. పట్టు కొరకు వెనుక టైర్లలో నీరు నింపినచో అది మఱింత పెరుగును. ఆ బరువులో అధికభాగము వెనుక చక్రములపై నిలుచును. చందర్లపాడు దారిలో ఒక పత్తిచేని యొద్ద జరిగిన ఎక్కింపు నా కన్నులయెదుట నేటికిని నిలిచియున్నది. కాలువగట్టుకు ట్రక్కును వెనుకకు నడిపించి, దాని చక్రముల క్రింద పలుగుతో గుంతలు త్రవ్వి, తలము ఎత్తు తగ్గించి, గట్టుకు ట్రక్కు తలమునకు నడుమ రెండు దుంగలు పరచిరి. చైన్‌బ్లాకు ఒక కొనను ట్రక్కు ముందరి చట్రమునకును, రెండవ కొనను ట్రాక్టరు ముందరి ఇరుసు దిగువకును తగిలించి, ఒకడు మెల్లమెల్లగా గొలుసు లాగుచుండగా, పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు వెనుక చక్రము ప్రక్కన పెద్ద రాయి పట్టుకొని కూర్చుండెను. “రాయి వదలకురా అబ్బాయ్, జానెడు కదిలితే జానెడు పెట్టు,” అని వృద్ధుడైన మేస్త్రి చెప్పుచుండెను. “నేను చెయ్యి తీశాకే లాగించు బాబాయ్,” అని వాడు ప్రతిమారును కేకవేయుచుండెను. ఆ రెండు మాటలలోనే యీ విద్య సారమంతయు నున్నది: ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క అడ్డు, చేయి తొలగిన పిమ్మటనే లాగుడు.

మేస్త్రి చేసిన తక్కిన పనులును శాస్త్రసమ్మతములే. బ్యాటరీ తీగ విడదీసెను. డీజిలు కాకు మూసెను. ఎక్కుచున్నంతసేపు గేరు న్యూట్రలులో నుంచి, ఎక్కిన తరువాత గేరు వేసి, బ్రేకు బిగించెను. హైడ్రాలిక్ చేతులను క్రిందికి దించెను. రెండు చక్రముల ట్రక్కు ఇరుసునకు కొంచెము ముందుగా బరువు నిలుచునట్లు ట్రాక్టరును సర్దెను. బరువు వెనుకబడినచో కొక్కెము పైకి తన్ని లాగెడి ట్రాక్టరు వెనుక చక్రముల పట్టు సడలును. మితిమీరి ముందునకు జరిగినచో లాగెడి ట్రాక్టరు ముందుచక్రములు తేలి స్టీరింగు మాట వినదు. ట్రాక్టరు ముందరి ఇరుసు నడిమి కీలుపై ఊగునది. కావున మొండెమును మాత్రమే కట్టిన చాలదు, ఇరుసును గూడ కట్టవలెను. నాలుగు మూలల నుండి నాలుగు గొలుసులు ఎదురెదురుగా బిగించి, రెండు మూడు మైళ్లు పోయిన తరువాత బండి నాపి మరల బిగింపు చూచుకొనవలెను. దారి కుదుపులకు గొలుసులు సడలుట సహజము. ఇక లాగవలసి వచ్చినప్పుడు గొలుసును ఎప్పుడును లాగెడి ట్రాక్టరు డ్రాబారుకే తగిలింపవలెను. వెనుక ఇరుసుకంటె ఎత్తున కట్టినచో ముందుచక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడి, పైనున్నవానిని నలిపివేయును. సాగిన నైలాను త్రాడు తెగినచో కొరడావలె తిరిగికొట్టును గనుక ఆ దరిదాపుల ఎవ్వరును నిలువరాదు. ఈ నియమములు పుస్తకములలో చదివి గాక, ఒకరి ప్రాణము పోగా మరియొకరు నేర్చుకొనుచుండుట మన దౌర్భాగ్యము.

వరదలు ఈ యవసరమును మఱింత తీవ్రము చేసినవి. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయ రహదారిని ముంచినది. 2024 సెప్టెంబరు తొలినాటి వానలకు జగ్గయ్యపేట జలమయమైనది, గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతిన్నది. నీట మునిగిన ట్రాక్టరు పైకి చెక్కుచెదరనట్లు కనబడును. తొందరపడి స్టార్టు చేసినచో సిలిండరులో చేరిన నీరు అణగదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగును, చిన్న మరమ్మతుతో పోవునది ఇంజను విప్పుటదాక వచ్చును. దానిని కదపక, మోసికొని పోయి, నీరు తీసి, నూనె మార్చుటయే సరియైన చికిత్స. వరదసాయముల పట్టికలో పంటనష్టము, ఇల్లునష్టము ఉండగా, మునిగిన యంత్రమును షెడ్డునకు చేర్చు సాయమునకు గూడ ఒక వరుస యుండవలెను. జాతీయ రహదారిపై ఆగిన బండికి 1033 నంబరున్నది. రహదారికి ఆవల చేలో కూరుకొన్న బండికి అట్టి నంబరేది?

కావలసినవి కొండంత పనులు కావు. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు అను ఏడు మండలములలోను మార్కెట్ యార్డుననో, సహకార సంఘము ఆవరణలోనో ట్రక్కు తలము ఎత్తున రాతికట్టడపు దిమ్మె, దానికి వాలుబాట ఒక్కొక్కటి నిర్మింపవలెను. ఊరనున్న దిమ్మె చేలోని బండి కెట్లుపకరించునన్న ప్రశ్నకు సమాధానమేమనగా, పంటకాలువ గట్లపై అక్కడక్కడ అట్టి దిమ్మెలే మట్టితోనైనను చదునుచేసి యుంచుట గ్రామస్థులకు శ్రమసాధ్యమైన పనియే. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములలో రోటవేటర్ల సరసన నేలబారు ట్రక్కు నొకదానిని, చైన్‌బ్లాకును, నాలుగు మంచి గొలుసులను, ఎఱ్ఱని పరావర్తక పలకలను చేర్చవలెను. గరికపాడులోని డాక్టర్ కె.ఎల్. రావు కృషివిజ్ఞాన కేంద్రము రైతుల కిచ్చు శిక్షణలో ఈ ఎక్కింపు, కట్టింపు విద్యను గూడ చేర్చి, మన ప్రాంతపు అనుభవజ్ఞులైన మేస్త్రులనే అందు గురువులుగా నియమింపవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రశిక్షణకు కేంద్రప్రభుత్వ సంస్థ యొకటి కలదు. దాని సాయమును కోరినచో పాఠ్యక్రమము సిద్ధమగుట కష్టముకాదు.

పాతబండిపై ప్రజాధనమేల, తూకానికి అమ్మి క్రొత్తది కొనరాదా యని కొందరనవచ్చును. కౌలుచేసి బ్రతుకువానికి క్రొత్త ట్రాక్టరనగా క్రొత్త ఋణము. ఒక గేరుపండ్ల జతతో మరల పదేండ్లు పనిచేయదగిన యంత్రమును తుక్కుకు తోయుట అతనికిని నష్టము, దేశసంపదకును నష్టము. ఇన్నేండ్లు ఇరుగుపొరుగు సాయముతోనే గడిచినదికదా యని మరికొందరనవచ్చును. ఆ సాయము మన పల్లెల సుగుణమనుటలో నాకు సందేహములేదు. కాని సాయమునకు వచ్చినవాడు మరల క్షేమముగా ఇల్లు చేరునట్లు చూచుటయు మన ధర్మమే కదా. మంచిమనసు ఒక్కటియే తెగిన త్రాటిని ఆపజాలదు.

శాసనసభ్యులకు, మార్కెట్ కమిటీలకు, సహకార సంఘముల అధ్యక్షులకు నా విన్నపమిది: రాబోవు తొలకరికి ముందే మండలమున కొక్క దిమ్మెయు, ఒక్క నేలబారు ట్రక్కును ఏర్పాటు చేయుడు. రైతు సోదరులకు నా విన్నపము మఱింత చిన్నది: ఆగిన ట్రాక్టరును చీకటిపడిన తరువాత రోడ్డెక్కింపకుడు, త్రాటికి మారుగా గొలుసు వాడుడు, చక్రమునకు రాయి వేయక, మనుష్యులను తొలగింపక, ఎన్నడును లాగకుడు. ఒకనాటి దుక్కి ఆలస్యమైనచో మరునాడు దున్నుకొనవచ్చును. పోయిన ప్రాణమును ఏ షెడ్డును బాగుచేయజాలదు.