గుంటూరు గ్రహణము – రెండు లేఖలు



ఒక గ్రహణమునాడు నేను తొగుటలో మా బంధువుల యింట నుంటిని. ఆ యింటి కోడలు ఆరు నెలల గర్భిణి. పెద్దలామెను చీకటిగదిలో పరుండబెట్టి, కదలరాదనియు, కత్తి ముట్టరాదనియు, తుదకు మంచినీళ్లు సైతము త్రాగరాదనియు కట్టడి చేసిరి. విడుపు స్నానమైన పిమ్మట ఆమె వాడిన మొగముతో నాకడకు వచ్చి, “అత్తమ్మా! గ్రహణమును చూచి, చూచినది చూచినట్లు వ్రాసి యుంచినవా రెవరైన గలరా?” అని యడిగినది. ఈ మాసమున ఆమెకే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాను.

కలరమ్మా! అదియు మన తెలుగునేల మీదనే. 1868 ఆగస్టు 18వ తేది శ్రావణ బహుళామావాస్య. బిడ్డల క్షేమమునకై మన స్త్రీలు పొలాల అమావాస్య జరుపుకొను దినము. ఆ యుదయమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తొగుటకు దక్షిణముగా వనపర్తి, గుంటూరు, మచిలీపట్టణములమీదుగా సాగిపోయెను. మదరాసు వేధశాలనుండి రఘునాథాచారిగారు వనపర్తికిని, పాగ్సను దొర మచిలీపట్టణమునకును వెళ్లిరి. గుంటూరులో ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెను, ఇంగ్లీషు సైన్యాధికారి టెన్నంటు వేర్వేరుగా యంత్రములను నిలిపిరి.

టెన్నంటు ఛాయాచిత్రములు తీయబూనెను. ఆనాడది సులభమైన పని కాదు. గాజుపలకకు జిగురుమందు పూసి, వెండిక్షారము కలిపిన నీట ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి, వెంటనే చీకటిలో కడుగవలెను. చిత్రము చెడకుండ నిలుపు ‘హైపో’ మందు గుణమును కనుగొన్నవాడు జాన్ హెర్షెలను జ్యోతిశ్శాస్త్రవేత్తయే. ఛాయాచిత్రకళకు ఆద్యులలో నొకడగు టాల్బాటునకు 1839లో ఆ మర్మమును తెలిపినవాడును ఆయనయే. సూర్యుడు పూర్తిగా మరుగుపడిన ఆ ఐదారు నిముషములలో టెన్నంటు బృందము తీసిన పలకలపై, సూర్యబింబపు టంచున కొమ్మువలె లేచిన పెనుజ్వాల నిలిచిపోయెను.

జాన్సెను వర్ణదర్శినితో ఆ జ్వాలల కాంతిని విడదీసి చూచి, అవి మండుచున్న వాయువులని గ్రహించెను. మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూడగలిగెను. దేశాంతరములనుండి భార్య హెన్రియెట్టాకు లేఖలు వ్రాయుట ఆయన వాడుక. ఆయన జీవితకథ వ్రాసినవారికి నేడా లేఖలే ఆధారములు. పారిసులోని విజ్ఞానపరిషత్తునకు మాత్రము సెప్టెంబరు 19న మన కాకినాడనుండి లేఖ వ్రాసెను. అప్పటికి సూయజు కాలువ తెరువబడలేదు.

ఆ లేఖ దారిలో నుండగనే, ఇంగ్లండులో లాకియరను పండితుడు, జాన్సెను చేసిన పని తెలియకయే, అక్టోబరు 20న గ్రహణము లేని దినమున ఆ జ్వాలల గీతలను చూచి తానును పారిసునకు తెలిపెను. రెండు లేఖలును అక్టోబరు 26న ఒకే సభకు చేరినవి! ముందెవరు, వెనుకెవరు అను తగవు లేకుండ ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇరువురి ముఖములును గల పతకమును ముద్రించెను. ఆ కాంతిలోని పసుపుపచ్చని గీతయే ‘హీలియము’ అను క్రొత్త మూలకమునకు జాడ యయ్యెను. 1895లో రామ్సే భూమిమీదనే దానిని కనుగొనెను.

చూచితిరా! ఒకరి పని యొకరికి తెలియని యిద్దరు ఒకే మాట వ్రాసిరి గనుక లోకము నమ్మినది. గ్రహణము వలన గర్భస్థశిశువునకు మొర్రి కలుగునను మాటకు అట్టి సాక్ష్యము నేటివరకు లేదు. పేరు ‘గ్రహణమొర్రి’ యైనను, వంశగుణము, పోషకాహారలోపము, పొగాకు మున్నగునవి దానికి కారణములని వైద్యులు చెప్పుచున్నారు. గర్భిణిని దాహముతో నుంచుటయే కీడు.

కావున గ్రహణవేళ కోడలికి ఆకలియైన అన్నము, దప్పియైన నీరు ఇండు. సూర్యగ్రహణమును మాత్రము ఉత్తకంటితో నెవ్వరును చూడరాదు. దానికై చేసిన అద్దములతోనే చూడుడు. చూచినది తేదీతో నొక పుస్తకమున వ్రాసికొనుడు. రేపు మన మనుమరా లడిగినపుడు భయమునకు బదులు ఆ పుస్తకమును చేతికీయవచ్చును.