ఆట ముగిసిన తర్వాత బ్రతుకు ఎవరి పూచీ?

ఆటగాళ్లకు ముందుచూపు వుండదని యీ మధ్య తరచుగా వింటున్నాం. ఆట పదేళ్ల ముచ్చట. ఆ పదేళ్లలోనే డబ్బు కూడబెట్టుకోవాలి, చదువుకోవాలి, మరొక పని నేర్చుకోవాలి. అలా చెయ్యనివాడు చేజేతులా చెడిపోయినట్లే - ఇదీ పెద్దమనుషుల హితబోధ. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని యీ బోధ అందుకునేవాడి చేతిలో ఏముందో ఒక్కరూ అడగరు. నా అభ్యంతరం అక్కడే.

మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో జాతర అంటే బండలాగుడు పోటీలు వుండవలసిందే. ఎద్దులను పళ్లు చూసి విభజిస్తారు: రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి. పోటీ ఎద్దుకు ఉలవలు ఉడికించి పెడతారు, నూనె రాసి మర్దనా చేస్తారు. ఊరంతా దాని పేరు చెప్పుకుంటుంది. కాలు బెణికిన ఎద్దును సంతకు తోలుతారు. "నీవు ముందే జాగ్రత్తపడవలసింది" అని ఆ ఎద్దుతో ఎవరూ అనరు. ఆ మాట మనిషితో మాత్రమే అంటారు.

ఉరుకుందకు దగ్గరి పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు కొన్నేళ్ల క్రితం నా తరగతిలో వుండేవాడు. "వుండేవాడు" అన్నది హాజరుపట్టీ భాష. వాడు వున్నది కబడ్డీ మైదానంలో. వాడు కూతకు వెళితే కాలేజీ అంతా లేచి నిలబడేది. పోటీలకు వెళ్లిన రోజులకే కాక, వెళ్లని రోజులకు కూడా వాడికి హాజరు వేశాం. అలా వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. దాన్ని దయ అనుకున్నాను. మూడేళ్లకు వాడి చేతికి పట్టా వచ్చింది, చదువు రాలేదు. ఆ తర్వాత రెండేళ్లు డబ్బిచ్చిన జట్లకల్లా ఆడాడు. మోకాలు పోయింది. ఇప్పుడు ఇంటివాళ్లతోపాటు సుగ్గికి, గుంటూరు వైపు మిరపకోతలకు పోతున్నాడు. ఆ రెండేళ్లలో ఏమైనా వెనకేసుకోలేదా అని అడిగాను.

"ఇచ్చిన దుడ్లు అప్పులకే సాలల్యా సార్. దాపెట్టేది యాడిది?" అన్నాడు.

ముందుచూపు బోధించేవారు యీ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. పల్లె ఆట టెలివిజన్ ఎక్కింది. ఆటగాళ్లను తరగతులుగా విభజించి వేలం వేస్తున్నారు. 2022లో ఒక జట్టు 2 కోట్ల 26 లక్షలకు కొనుక్కున్న పవన్ సెహ్రావత్‌కు మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిన్నది. ఆ యేడు మళ్లీ ఆడలేదు. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ అతణ్ణి 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అతడు కోలుకోవడం సంతోషించదగిన విషయమే. కాని అదే మోకాలు, అదే గాయం. ఒకరిని వేలానికి, మరొకరిని మిరపతోటకు పంపినది ముందుచూపులోని తేడా కాదు. గాయానికి వైద్యం చేయించే స్తోమతలోని తేడా.

ఒకప్పుడు యీ లెక్క కొంత వేరుగా వుండేది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆటగాళ్లకు ఆటతోపాటు ఉద్యోగం వుండేది. సికింద్రాబాదు పేదయింటి నుంచి వచ్చి 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరామ్, ఇరవైల వయసు దాటకుండానే, 1963లో, అనారోగ్యంతో ఆట మానవలసి వచ్చింది. ఆయన రోడ్డున పడకపోవడానికి ఆధారం రైల్వే ఉద్యోగం. ఆ కాలం స్వర్ణయుగమని నేననడం లేదు. 2023లో మరణించేదాకా ఆయనకు తగిన గౌరవం దక్కిందని కూడా అనలేను. అయితే, ఆడించుకున్న సంస్థే అన్నం కూడా పెట్టాలన్న నియమం అప్పుడు వుండేది. ఇప్పుడు ఆడించుకునేవాడికి ఆ బాధ్యత లేదు. ఒప్పందం ముగిసిన రోజే బంధం ముగుస్తుంది.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదా అంటారు. చేస్తున్నది. అంతర్జాతీయ పతకాలు తెచ్చినవారికి 1994 నుంచి పింఛను పథకం వుంది. ఆట విరమించిన 20 నుంచి 50 ఏళ్లవారికి శిక్షణ ఇస్తామని 2024 ఆగస్టు 29న కేంద్రం 'రీసెట్' అనే కార్యక్రమం ప్రారంభించింది. రాష్ట్రంలో ఉద్యోగాలలో క్రీడాకోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. ఇవన్నీ మంచివే. కాని పింఛను పతకాన్ని చూసి వస్తుంది, మోకాలిని చూసి రాదు. కోటా అంటే వున్న ఉద్యోగాలలో వాటా. ఉద్యోగాలే కరువైతే మూడు శాతం దేనిలో?

"ఆడమని ఎవరు బలవంతపెట్టారు?" అనేది చివరి వాదన. వర్షం మీద ఆధారపడిన నేల, ఏటా వలస, ఇంట్లో అప్పు - వీటి నడుమ పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ఒంట్లోని బలం తప్ప అమ్ముకునేందుకు ఏముంది? ఎమ్మిగనూరు నేతగాడి చూపు, ఆదోని హమాలీ నడుము ఎలా అరిగిపోతాయో ఆటగాడి కీళ్లూ అలాగే అరిగిపోతాయి. తేడా ఒక్కటే: ఇతని శ్రమకు చప్పట్లు కొడతాం గనుక అది శ్రమ అన్న సంగతి మరచిపోతాం.

కనుక అడగవలసిన విషయాలు స్పష్టంగానే వున్నాయి. లీగుల ఆదాయంలో కొంత భాగం, వేలందాకా రాని ఆటగాళ్లతో సహా, అందరి వైద్యానికీ భృతికీ చట్టప్రకారం కేటాయించాలి. ఆటకోసం చదువు వదిలినవాడు ఏ వయసులోనైనా తిరిగి వచ్చి ఉచితంగా చదువుకునే హక్కు వుండాలి. వీటికోసం విద్యార్థి సంఘాలు, అధ్యాపక సంఘాలు కలిసి పోరాడాలి.

అయితే దానికి ముందు మన ఇల్లు మనం చక్కబెట్టుకోవాలి. పోటీకి వెళ్లినవాడికి తిరిగి వచ్చాక విడిగా పాఠం చెప్పడం కష్టమైన పని, హాజరు వెయ్యడం సులువు. నేను సులువైన పనే చేశాను. సుగ్గి ముగించుకుని వాడు ఊరికి వచ్చినప్పుడు కలుస్తానన్నాడు. వస్తే, ఎగ్గొట్టిన పాఠాలు మొదటినుంచీ చెప్పాలి. ఆ బాకీ వాడిది కాదు, నాది.