పెరటి కబుర్లు: కుండీ తీగెకు చేతిపందిరి

పోయిన ఏడు ఆడి మాసంలో ఒకనాటి మధ్యాహ్నం మా మేడ పిట్టగోడ మీది జాజి కుండీ పందిరితో సహా వీధిలో పడింది. చప్పుడు విని వంటింట్లోనుంచి పరుగెత్తుకొని వచ్చి క్రిందికి చూచేసరికి, ప్రక్కింటి పిల్లవాడు చేతిలో గోళీలు పట్టుకొని అరుగు మీద కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అంతవరకూ కుండీ పడ్డచోటనే కూర్చుని ఆడుకొంటున్నాడట. గోళీ ఒకటి దొర్లిపోతే దాని వెంట లేచి వెళ్ళాడట. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

గాలిని తప్పు పట్టి లాభం లేదు. మంసాపురంలో కాపురం ఉండేవాళ్ళకు ఆడి గాలి సంగతి ఒకరు చెప్పాలా? ఆ గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని అరవంలో సామెతే ఉన్నది. పడమటి కొండల మీదుగా దిగి, వాన తేకుండా దుమ్ము మాత్రం తెచ్చే గాలి అది. తప్పు నాది. మేడ మెట్లెక్కి మోయడానికి సులువుగా ఉంటుందని ప్లాస్టిక్ కుండీ కొన్నాను. బరువు తగ్గుతుందని అందులో మట్టికి బదులు ముప్పాతిక వంతు కొబ్బరి పొట్టు నింపాను. ఇక పైన నిలబెట్టినది నాలుగడుగుల వెదురు తడక. చూపుకు ముచ్చటగా ఉండాలని సందు లేకుండా దట్టంగా అల్లాను. జాజి పాకి ఆకు నిండిన తరువాత అది పందిరి కాదు, తెరచాప. తెరచాప కట్టిన తేలిక పడవను పిట్టగోడ మీద పెట్టి నిద్రపోయినట్లయింది నా తెలివి.

ఆ జాజి కొన్న మొక్క కాదు. మా అత్తగారు పాత ఇంటి బావిగట్టున నాటినది. ఇల్లు పంచుకొన్నప్పుడు పెరడు మా వాటాకు రాలేదు. నేలకు దగ్గరగా ఉన్న కొమ్మను ఒకదాన్ని వంచి, మట్టి కప్పి, పైన రాయి పెట్టి, వేరు పట్టిన తరువాత కోసి తెచ్చుకొన్నాను. మనలో చాలా ఇళ్ళ కథ ఇదే గదా. వెనుకటి రోజుల్లో పందిరి అంటే నాలుగు గుంజలు నేలలో పాతి, పైన కంప పరచి, బీరో సొరో పాకించడం. నేలే దానికి బరువు, నేలే దానికి బలం. ఇప్పుడు పెరడు పోయి కుండీ మిగిలింది. పాత పందిరినే చిన్నది చేసి కుండీలో గుచ్చితే సరిపోతుందనుకొంటాము. సరిపోదు. కుండీలో పందిరికి నేల లేదు. కుండీ బరువే దాని నేల.

అంచేత ముందు బరువు సంగతి. అడుగు వెడల్పు మట్టి కుండీలో తోటమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి తడిపితే ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. అదే కుండీలో కొబ్బరి పొట్టు నింపితే, ఎండలో ఒక పూట నీళ్ళు పోయడం మరచిపోయామంటే ఒంటిచేత్తో ఎత్తవచ్చును. పొట్టు చెడ్డదని కాదు, తడి పట్టి ఉంచుతుంది, వేళ్ళకు మెత్తగా ఉంటుంది. మూడోవంతు వరకు కలపండి, అంతకు మించితే పందిరి పెట్టకండి. నేను ఇప్పుడు కుండీ అడుగున చిల్లుల మీద పెంకులు వేసి, వాటి మీద బెత్తెడు మందాన కంకర వేస్తున్నాను. బరువు అడుగున ఉంటే కుండీ తొందరగా ఒరగదు. ఇక పందిరి ఎత్తు. మట్టి పైనుంచి కొలిస్తే కుండీ ఎత్తుకు రెండింతలు, అంతే. అడుగు ఎత్తు కుండీకి రెండడుగుల పందిరి. తీగె ఇంకా పెరుగుతుందంటారా? పెరగనివ్వండి, వంచి చుట్టూ త్రిప్పండి. కొనను నిలువుగా పోనిస్తే ఆకులు పైనా, బోడి కాండం క్రిందా మిగులుతాయి. అడ్డంగా వంచి కడితే కణుపు కణుపునా చిగురు వేస్తుంది. జాజి పూచేది ఆ కొత్త చిగుళ్ళ మీదనే.

బరువు కుదిరిన తరువాత తీగె ఎలా పాకుతుందో చూడాలి. ఇది చూడకుండా పందిరి కట్టడమంటే పిల్ల కాలు కొలవకుండా చెప్పులు కొనడమే.

కాకర, దొండ, బీర వంటివి నులితీగెలతో పట్టుకొంటాయి. ఆ నులితీగె మన కుట్టుదారమంత సన్నం. లావు వెదురు గుంజ ఇస్తే దానికి పట్టు చిక్కక తడుముకొంటుంది. దానికి కొబ్బరి ఈనె కావాలి, పురికొస కావాలి, పెన్సిలు కంటె సన్నమైనది ఏదైనా సరే. శంఖుపుష్పం, చిక్కుడు, బచ్చలి అలా కాదు, కాండమే చుట్టుకొంటుంది. వాటికి చిటికెన వేలంత కర్ర బాగుంటుంది. వాటిలోనూ మరీ లావైన దాన్ని చుట్టలేక జారిపోయేవే ఎక్కువ. చేత్తో చుట్టి సాయం చేద్దామనుకొంటే అది తానుగా ఏ వైపు తిరుగుతున్నదో ముందు చూడండి. ఎదురు వైపు చుట్టితే మరునాటికి విడిపోయి వ్రేలాడుతుంది, మన మీద అలిగినట్లు.

తమలపాకు, మిరియం, మనీ ప్లాంటు కణుపుల దగ్గర వేళ్ళు వేసి అంటుకొంటాయి. నున్నటి కర్ర వాటికి పనికిరాదు. కర్రకు కొబ్బరి పీచు మందంగా చుట్టి, తాడుతో బిగించి, రోజూ తడుపుతూ ఉండాలి. తోటల్లో తమలపాకును అవిసె చెట్ల మీద పాకించడం మన వైపు అందరూ చూచినదే. కుండీలో అవిసె చెట్టు పెంచలేము గనుక ఈ పీచు కర్రే దానికి మారు. జాజి, బోగన్‌విల్లా వంటివి తమంతట గట్టిగా పట్టుకోలేవు. వాటిని మనమే కట్టాలి.

ఈ పాకే విద్యను శ్రద్ధగా చూచినవాడు ఛార్లెస్ డార్విన్. జబ్బుచేసి గది దాటలేని రోజుల్లో కుండీలోని హాప్ తీగెను దగ్గర పెట్టుకొని (బీరులో కలిపే పూలు దీనివే) దాని కొన ఊతకోసం గాలిలో గుండ్రంగా తిరగడం రాత్రింబవళ్ళు గమనించాడు. వేడి రోజుల్లో ఒక చుట్టు తిరగడానికి సగటున 2 గంటల 8 నిమిషాలు పట్టిందని లెక్క వ్రాశాడు. తీగెల మీద ఆయన వ్రాసినది 1865లో వ్యాసంగా, 1875లో పుస్తకంగా వచ్చింది. అంతేకాదు, మన దొండ కుటుంబానికే చెందిన బ్రయొనీ అనే తీగె తుఫాను గాలికి ఎలా తట్టుకొంటుందో చూడడానికి పనిగట్టుకొని గాలిలో బయలుదేరి కంచె దగ్గరకు వెళ్ళాడు. నులితీగె ఊతను పట్టుకొన్న తరువాత సగం ఒక వైపు, సగం మరొక వైపు చుట్టలు చుట్టుకొని స్ప్రింగు అవుతుంది. గాలి లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకొంటుంది. కొమ్మలు ఊగాయే గాని తెగలేదు. దీన్ని చదివినప్పుడు నాకు నా తడక గుర్తుకు వచ్చింది. తీగె గాలికి లొంగడం నేర్చుకొన్నది, నేను కట్టిన పందిరి నేర్చుకోలేదు. సందులు జానెడు వెడల్పు వదిలి ఉంటే గాలి దారిన గాలి పోయేది.

ఇప్పుడు నేను కట్టే పందిరి ఇది. మూడు వెదురు బద్దలు, ఒక్కొక్కటి మూడడుగులు. గరుకు కాగితంతో పేళ్ళు లేకుండా రుద్దాలి, లేకపోతే ముడి వేసేటప్పుడు వేలిలో గుచ్చుకొంటాయి. మట్టి నింపక ముందే మూడింటినీ కుండీ అంచు వెంబడి అడుగు వరకు దించి, తరువాత మట్టి వేసి కూరాలి. మొక్క పెరిగిన తరువాత గుచ్చితే వేళ్ళు తెగుతాయి, కర్ర కూడా వదులుగా ఉంటుంది. పై కొసలు మూడూ దగ్గరకు తెచ్చి తాటినారతో కట్టాలి. నారను ముందుగా నీళ్ళలో నానబెడితే మెత్తబడి ముడి బాగా బిగుస్తుంది. తరువాత జానెడుకొక వరుస చొప్పున అడ్డంగా పురికొస చుట్టాలి. కాకరకైతే పైనుంచి క్రిందికి ఇంకో నాలుగు దారాలు. పని అరగంట, ఖర్చు లేదన్నమాటే.

వెదురు లేకపోతే పత్తికట్టె ఉన్నది. రాజపాళయం చుట్టుప్రక్కల పత్తి ఎరుగని ఇల్లు ఏది? కాని చేనులోనుంచి తెచ్చిన కట్టెను నెల రోజులు ఎండబెట్టి, కాయతొక్కలన్నీ దులిపి గాని ఇంట పెట్టకండి. పురుగు వాటిలో దాగి ఉంటుంది. పచ్చి మునగ కొమ్మ మాత్రం గుచ్చకండి సుమా. నాకు తెలిసిన ఒకావిడ గుచ్చింది. నెల తిరిగేసరికి మునగ చిగిర్చింది, కుండీలోని ఎరువంతా అదే తిన్నది, చిక్కుడు ఎండిపోయింది. చివరకు ఆవిడ మునగాకు పప్పు వండుకొన్నది.

పాత గొడుగు ఒకటి అటక మీద ఉంటే పారవేయకండి. బట్ట విప్పివేసి, వంకీ పిడి క్రిందికి వచ్చేటట్లు కుండీలో నిలబెట్టి మట్టి నింపితే ఆ వంకీ మట్టిలో లంగరులా పట్టుకొంటుంది. ఊచలను సగం మాత్రం విప్పి, జారకుండా తీగచుట్టుతో బిగించాలి. ఊచల కొసలనుంచి కుండీ అంచుకు ఎనిమిది దారాలు దించితే శంఖుపుష్పం నెలన్నరలో పైకి వస్తుంది. ఇనుప ఊచలకు నూలు చుట్టడం మరవకండి, ఎండకు కాలి లేతకొనలు మాడుతాయి. పరంబు కొండ నేలిన పారి అనే దొర ఊత లేక అల్లాడుతున్న ముల్లై తీగెను చూచి తన రథాన్నే వదిలి నడిచి వెళ్ళాడని మన పిల్లలు అరవ పాఠాల్లో చదువుకొంటారు. మనం గొడుగుతో సరిపెట్టవచ్చును.

కట్టడంలో ఒక మాట. ఇనుప తీగ, ప్లాస్టిక్ దారం కాండానికి కట్టకండి. కాండం లావెక్కేకొద్దీ అది కోసుకొంటూ లోపలికి పోతుంది. ఛత్రపట్టిలో నేసే కట్టుగుడ్డ ముక్కలు మన ఇళ్ళలో దొరకకపోవు. వాటిని వేలెడు వెడల్పున చించి, కర్రకూ కాండానికీ నడుమ మెలిక వచ్చేటట్లు ఎనిమిది అంకెలా కట్టండి. తెలుగు ౮ కాదండోయ్, ఇంగ్లీషు 8. మా కోడలికి ఇది వివరించబోయి, తెలుగు అంకెలు తనకు ఎవరూ నేర్పలేదని అప్పుడు తెలుసుకొన్నాను. పందిరి పని ఆపి, పలక తీసి, ఒకటి నుంచి పది వరకు వ్రాసి చూపించాను. తడక, గుంజ, పురికొస అనే మాటలు కూడా ఆ పూటే చెప్పాను. మనుమరాలు ప్రక్కన కూర్చుని విన్నది. తీగెను కొడి అనడం మాత్రం అది మానలేదు.

పందిరి కలకాలం ఉండదు. మట్టిలో ఉన్న భాగం ముందుగా పుచ్చుతుంది, పైకి తెలియదు. జాజిని మార్గళి చివర భాగంలో మొదలునుంచి మూరెడు వదిలి కత్తిరిస్తాము గదా, అప్పుడే పాత కర్రలు లాగివేసి కొత్తవి పెట్టండి. వేరే రోజున పెడితే తీగెను విప్పడానికే పూట పడుతుంది.

పడిపోయిన జాజి సంగతి. కాండం జానెడు మిగిలి తక్కినదంతా విరిగిపోయింది. దానిని మట్టికుండీలోకి మార్చి అరుగు ప్రక్కన నేల మీద పెట్టాను. పిట్టగోడ మీద ఇప్పుడు ఏ కుండీ లేదు. పుదీనా కుండీ కూడా లేదు. ఇంట్లోవాళ్ళు మొక్కలే వద్దన్నారు. కుండీలు పైన ఉంచనని మాట ఇచ్చి ఒప్పించాను. పోయిన మార్గళిలో కత్తిరించే పని లేకపోయింది, కత్తిరించడానికి ఏమీ లేదు. మూడు బద్దలు పెట్టి ఊరుకొన్నాను. చిత్తిరై దాటాక పూసింది. మొదటి దోసెడు పూలు ప్రక్కింటికి పంపించాను.

మళ్ళీ ఆడి వస్తున్నది. నిన్న సాయంత్రం ఆ పిల్లవాడే వచ్చి కర్రలను ఒక్కొక్కటిగా కదిపి చూచాడు. ఒకటి ఊగింది. దాన్ని ఈ పూట మార్చాలి.